పాత ఫోన్‌లో కస్టమ్ కెర్నల్, రికవరీ మెనూ పెట్టుకునే పద్ధతి

కెర్నల్ అంటే ఫోన్ హార్డ్‌వేర్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్. రికవరీ అంటే ఆండ్రాయిడ్ తెరుచుకోకపోయినా ఫోన్‌ను బాగుచేసుకోవడానికి వచ్చే మెనూ. కంపెనీవి తీసి బయటివారు తయారుచేసినవి పెట్టుకునే ఈ పని కోసం బెంగళూరు ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనదలచినవారు డబ్బు ఇవ్వకముందే సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్‌పై ఏడుసార్లు నొక్కి, డెవలపర్ ఆప్షన్స్ తెరిచి, అందులో ఓఈఎం అన్‌లాకింగ్ (బయటి సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకునే తాళం తీయడానికి అనుమతించే స్విచ్) ఆన్ అవుతుందో లేదో చూసుకోవాలి. నెట్‌కు కలిపిన తరువాత కూడా అది కదలకపోతే ఆ ఫోన్‌ను వదిలేయడమే మేలు. శాంసంగ్ ఫోన్లలో సాధారణంగా ఫాస్ట్‌బూట్ (కంప్యూటర్ నుంచి ఆదేశాలిచ్చి ఫోన్ సాఫ్ట్‌వేర్‌ను మార్చే మోడ్) ఉండదు కాబట్టి ఇక్కడ చెప్పే పద్ధతి వాటికి వర్తించదు.

రోజూ వాడే ఫోన్‌తో ఈ ప్రయోగం చేయకూడదు. బూట్‌లోడర్‌ను, అంటే ఫోన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను లోడ్ చేసే ప్రోగ్రామ్‌ను, అన్‌లాక్ చేసిన క్షణంలో ఫోన్‌లోని డేటా అంతా చెరిగిపోతుంది. ఆ తరువాత బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు తెరుచుకోకుండా మొరాయించవచ్చు. కొబ్బరిబొండానికి కూడా స్కాన్ చేసి డబ్బు కట్టే ఊరిలో అది చిన్న ఇబ్బంది కాదు.

అన్‌లాక్ చేయడానికి ముందే కంపెనీ వారి అసలు బూట్ ఇమేజ్‌ను (ఫోన్ మొదలవడానికి కావలసిన కెర్నల్ ఉండే ఫైలును) కంప్యూటర్‌లో దాచుకోవాలి. ఫోన్‌లో ఉన్న బిల్డ్ నంబర్, ఆ ఇమేజ్ కోసం డౌన్‌లోడ్ చేసిన ఫర్మ్‌వేర్ (కంపెనీ సాఫ్ట్‌వేర్) నంబర్ చివరి అక్షరం దాకా ఒకటే కావాలి. నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైన మెట్టు ఇదే, ఎందుకంటే ఏది చెడినా ఫోన్‌ను మళ్లీ నిలబెట్టేది ఈ ఫైలే.

ఫోన్‌ను ఫాస్ట్‌బూట్ మోడ్‌లోకి తెచ్చి కంప్యూటర్‌కు కలిపినప్పుడు పరికరం కనిపించకపోతే ముందుగా కేబుల్‌ను అనుమానించాలి. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు చాలా ఉంటాయి. అన్‌లాక్ పూర్తయ్యాక రికవరీని నేరుగా ఫ్లాష్ చేయకుండా, అంటే ఫోన్ స్టోరేజ్‌లో శాశ్వతంగా రాయకుండా, ఫోన్ అనుమతిస్తే, 'ఫాస్ట్‌బూట్ బూట్' ఆదేశంతో తాత్కాలికంగా నడిపి చూడాలి. అది ర్యామ్‌లో మాత్రమే నడుస్తుంది కాబట్టి రీస్టార్ట్ చేస్తే ఫోన్ యథాస్థితికి వస్తుంది. టచ్ పనిచేస్తోందా, పిన్ ఇచ్చాక స్టోరేజ్ తెరుచుకుంటోందా అన్నవి అప్పుడే తేలుతాయి. ఫోల్డర్ల పేర్లు అర్థంపర్థం లేని అక్షరాల వరుసలుగా కనిపిస్తే, డేటాపై ఉన్న ఎన్‌క్రిప్షన్‌ను ఆ రికవరీ విప్పలేకపోతోందని గ్రహించాలి.

తడబడేది ఎక్కువగా రికవరీని శాశ్వతంగా పెట్టేటప్పుడే. ఆండ్రాయిడ్ 7తో వచ్చిన ఏ/బీ స్లాట్ల పద్ధతిలో (సిస్టమ్‌కు రెండు ప్రతులు ఉంచే పద్ధతి) చాలా ఫోన్లకు రికవరీ కోసం వేరే పార్టిషన్ (స్టోరేజ్‌లో విడదీసిన భాగం) ఉండదు; కెర్నల్, రికవరీ రెండూ బూట్ పార్టిషన్‌లోనే సర్దుకుంటాయి. అటువంటి ఫోన్‌లో రికవరీ ఇమేజ్‌ను మొత్తంగా బూట్‌లోకి ఫ్లాష్ చేస్తే ఉన్న కెర్నల్ పోతుంది. టీడబ్ల్యూఆర్‌పీ అనే కస్టమ్ రికవరీ మెనూలో కెర్నల్‌ను ముట్టుకోకుండా రికవరీ రామ్‌డిస్క్‌ను (బూట్ ఇమేజ్‌లో రికవరీ ఫైళ్లు ఉండే భాగాన్ని) మాత్రమే మార్చే ఆప్షన్ ఉంటుంది, దానినే వాడాలి. ఆ తరువాతి కాలపు ఫోన్లలో వెండర్ బూట్, ఇనిట్ బూట్ అనే పార్టిషన్లు కూడా చేరాయి గనుక, ఏది ఎక్కడ ఉందో తమ మోడల్‌కు రాసిన సూచనలలోనే చూసుకోవాలి.

కెర్నల్ సాధారణంగా ఎనీకెర్నల్ జిప్ రూపంలో దొరుకుతుంది. ఆ జిప్‌ను రికవరీలో ఎక్కిస్తే, అది ఫోన్‌లోని బూట్ ఇమేజ్‌ను విప్పి, కెర్నల్‌ను మాత్రం మార్చి, తిరిగి కడుతుంది. అందువల్ల ముందు పెట్టిన రికవరీ చెక్కుచెదరదు. 5.10, ఆపై వెర్షన్ల జీకేఐ (వేర్వేరు ఫోన్లకు గూగుల్ ఇచ్చే ఉమ్మడి) కెర్నళ్లలో ఆండ్రాయిడ్ 12-5.10 వంటి శాఖ పేరు కూడా సరిపోవాలి, లేకపోతే వెండర్ మాడ్యూళ్లు (ఫోన్ కంపెనీ విడిగా ఇచ్చే డ్రైవర్లు) లోడ్ కాక వైఫై, టచ్ వంటివి ఆగిపోవచ్చు. ఫోన్ తెరుచుకున్నాక అబౌట్ ఫోన్‌లో కెర్నల్ వెర్షన్ మారిందో లేదో చూసి, ఒక కాల్ చేసి, కెమెరా, చార్జింగ్ కూడా పరీక్షించాలి.

ఫోన్ లోగో దగ్గరే తిరుగుతూ ఉంటే కంగారు పడనక్కరలేదు. చాలా మోడళ్లలో పవర్, వాల్యూమ్ డౌన్ బటన్లు కలిపి పట్టుకుంటే ఫాస్ట్‌బూట్ వస్తుంది. దాచుకున్న బూట్ ఇమేజ్‌ను అప్పుడు తిరిగి ఫ్లాష్ చేయాలి. అయితే ఫోన్‌ను అమ్మేద్దామని బూట్‌లోడర్‌ను మళ్లీ లాక్ చేయదలిస్తే, ముందు కంపెనీ సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని ఎక్కించి, అది సరిగ్గా నడుస్తోందని నిర్ధారించుకోవాలి. కస్టమ్ కెర్నల్ ఉండగానే లాక్ చేస్తే ఫోన్ అసలు తెరుచుకోకపోవచ్చు, బూట్ ఇమేజ్‌ను ఫ్లాష్ చేసే వీలు కూడా మిగలదు.