కాన్పుకు ఇన్సూరెన్స్ ఉంది సరే, ఈ తొమ్మిది నెలల చెకప్‌లకు?

ముందే ఒక మాట గట్టిగా చెప్పాలి. పాలసీలో ‘మెటర్నిటీ కవర్’ అని ఉంటే అది చాలావరకు కాన్పుకు ఆసుపత్రిలో చేరాక అయ్యే ఖర్చు గురించే. నెల తప్పిన దగ్గర్నుంచి కాన్పు దాకా అయ్యే డాక్టర్ ఫీజులు, స్కానింగ్‌లు, రక్త పరీక్షలు, మందులు అన్నీ ఓపీ ఖర్చు కిందికి పోతాయి, చాలా పాలసీలు వాటికి పైసా ఇవ్వవు. ఈ సంగతి పాలసీ అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. బిల్లులన్నీ జాగ్రత్తగా దాచుకుని ఏడో నెలలో పంపితే ‘కుదరదు’ అని ఒక మెసేజ్ వస్తుంది, అంతే. డబ్బు పోవడం ఒక బాధ. అంతకంటే నాకు భయం వేసేది, ఇన్సూరెన్స్ సంగతి తేలాక తీయిద్దాంలే అని ఇంట్లో వాళ్లు స్కానింగ్ వాయిదా వేయడం చూసినప్పుడు. ఐదో నెల టిఫా స్కాన్ 18 నుంచి 22 వారాల మధ్య తీయాల్సింది, బిడ్డ అవయవాల్లో లోపాలేమైనా ఉంటే అప్పుడు బయటపడతాయి. ఎవరి జవాబు కోసమూ దాన్ని ఆపకండి. చెకప్‌ల దారి చెకప్‌లది, ఇన్సూరెన్స్ దారి ఇన్సూరెన్స్‌ది.

మొదట మీ దగ్గర ఉన్నది ఏ కార్డో చూసుకోండి. ఉద్యోగం చేసే కంపెనీ ఇచ్చినదా, సొంతంగా కట్టుకున్నదా, కార్మికులకు ప్రభుత్వం నడిపే ఈఎస్ఐనా, డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవనా (పాత ఆరోగ్యశ్రీ), ప్రభుత్వ ఉద్యోగుల హెల్త్ కార్డా. ఒక్కోదానికి ఒక్కో రూలు. పక్కింటి వాళ్లకు వచ్చింది కాబట్టి మనకూ వస్తుందని అనుకోవద్దు.

సొంతంగా కట్టుకున్న పాలసీ అయితే ముందు వెయిటింగ్ పీరియడ్ చూడండి. కాన్పు ఖర్చుకు 9 నెలల నుంచి 3, 4 ఏళ్ల దాకా ఆగాలనే పాలసీలున్నాయి, అసలు మెటర్నిటీయే లేనివి చాలా. పాలసీ కాగితాల్లో ‘ఎక్స్‌క్లూజన్ 18’ అనేది వెతకండి, మెటర్నిటీని మినహాయించే మాట ఆ నంబరు కిందే ఉంటుంది. అందులోనే మనకు పనికొచ్చే ఇంకో ముక్క కూడా ఉంది. ఎక్టోపిక్, అంటే గర్భసంచి బయట పిండం నిలిచిన కేసు, ఆ మినహాయింపులోకి రాదు. మెటర్నిటీ లేదు కదా అని కౌంటర్‌లో వెనక్కి పంపితే ఆ పేజీ తీసి చూపించండి. నెల తప్పాక కొత్త పాలసీ కొనిపిస్తామని వచ్చే ఏజెంట్లను మాత్రం నమ్మకండి, ఈ కాన్పుకు అది అక్కరకు రాదు.

కంపెనీ పాలసీల్లో ఎక్కువగా మొదటి రోజు నుంచే మెటర్నిటీ ఉంటుంది. మామూలు కాన్పుకు 50,000, సిజేరియన్‌కు కొంచెం ఎక్కువ అని పరిమితి పెట్టడం మామూలే. మనవాళ్లలో అల్లుడు బెంగళూరులో ఉద్యోగం, అమ్మాయి కాన్పుకు అనంతపురమో కడపో పుట్టింటికి రావడం, ఇదే కదా ఎక్కువ. అందుకని మూడో నెల దాటకముందే అల్లుడి చేత హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టించండి. ఫోన్‌లో అడిగితే ‘అన్నీ కవర్ అవుతాయి సార్’ అనేస్తారు, ఆ మాట రేపు ఎవరికీ గుర్తుండదు, రాతలో ఉంటేనే మనకు పట్టు. మెయిల్‌లో అడగాల్సినవి: భార్య పేరు పాలసీలో చేరిందా, మామూలు కాన్పుకు ఎంత, సిజేరియన్‌కు ఎంత, కాన్పుకు ముందు చెకప్‌ల ఖర్చు అని విడిగా ఏమైనా ఉందా (కొన్ని పాలసీల్లో కాన్పు పరిమితిలోనే చిన్న మొత్తం ఇస్తారు, దానికీ ఒరిజినల్ బిల్లులు కావాలి), గది అద్దెకు పరిమితి ఎంత, పుట్టిన బిడ్డను ఎన్ని రోజుల్లో చేర్చాలి. గది అద్దె సంగతి చిన్నదనుకోకండి. పరిమితి దాటిన గది తీసుకుంటే చాలా పాలసీల్లో గది అద్దెలోనే కాదు, డాక్టరు ఫీజు లాంటి మిగతా ఖర్చుల్లోనూ ఆ నిష్పత్తిన కోత వేస్తారు.

ఇక ఈఎస్ఐ. జీతం నెలకు 21,000 లోపు ఉన్నవాళ్ల కార్డు కాబట్టి దీన్ని తక్కువ చేసి చూస్తారు గానీ, చెకప్‌లు, మందులు, పరీక్షలు కూడా కలిసి వచ్చేది ఇందులోనే. భర్త పేరు మీద కార్డున్నా భార్యకు వైద్యం వర్తిస్తుంది, డిస్పెన్సరీలో ఆమె పేరు ఎక్కి ఉండాలి. ఉద్యోగం అమ్మాయిదే అయితే 26 వారాల దాకా జీతం కూడా వస్తుంది, అంతకుముందు రెండు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో (ఒక్కోటి ఆరు నెలలు) 70 రోజులకు చందా కట్టి ఉంటే చాలు. స్పిన్నింగ్ మిల్లులు, గార్మెంట్ యూనిట్లు, షోరూముల్లో పనిచేసే అమ్మాయిలకు ఈ హక్కు ఉందని తెలియక ఉద్యోగం మానేసి ఇంటికి వచ్చేస్తున్నారు, మానే ముందు ఒక్కసారి ఈ లెక్క చూసుకోండి.

మరి మిగతా కార్డుల వాళ్లకు చెకప్‌ల ఖర్చు ఎలా తగ్గుతుంది? ప్రైవేటు డాక్టరమ్మ దగ్గర చూపించుకుంటున్నా సరే, ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గరో ఏఎన్ఎం దగ్గరో పేరు రాయించుకోండి. మొదటి 12 వారాల్లోనే రాయిస్తే మంచిది. తల్లీబిడ్డ రక్షణ కార్డు ఇస్తారు, ఐరన్ మాత్రలు, టీడీ (ధనుర్వాతం రాకుండా వేసే) ఇంజెక్షన్లు, రక్తం, మూత్రం, షుగర్ పరీక్షలు అక్కడ ఉచితం. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను ప్రత్యేకంగా చూస్తారు, 2016 నుంచి నడుస్తున్న కార్యక్రమం ఇది, నాలుగో నెల నుంచి వెళ్లొచ్చు. ఆ రోజు జనం ఎక్కువ, పొద్దున్నే పోవాలి, మంచినీళ్లు, తినడానికి ఏదైనా వెంట తీసుకెళ్లండి. కర్నూలు పెద్దాసుపత్రి, అనంతపురం సర్వజన ఆసుపత్రి, కడప రిమ్స్ మాట ఎత్తితే కొందరు ముఖం చిట్లిస్తారు. నిజమే, రద్దీ ఉంటుంది. కానీ బీపీ, షుగర్, రక్తహీనత ఉన్న కాన్పుల్ని చిన్న నర్సింగ్ హోములు చివరి గంటలో పంపించేది అక్కడికే, అలాంటప్పుడు మన వివరాలు అక్కడ ముందే ఉండటం ప్రాణానికి మేలు. 2011 నుంచి ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, భోజనం, రవాణా అన్నీ ఉచితం, అది మన హక్కు. ఎవరైనా చేయి చాపితే ఇవ్వక్కర్లేదు. కాన్పు తర్వాత ఇంటికి దింపడానికి 102 బండి ఉంది. అనంతపురం చుట్టుపక్కల వాళ్లకు బత్తలపల్లిలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ఆసుపత్రి కూడా ఉంది.

ఇప్పుడు అసలు తలనొప్పి, నెట్‌వర్క్ ఆసుపత్రి, అంటే ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న ఆసుపత్రి. యాప్‌లో బెంగళూరుకు పేజీలకు పేజీలు వస్తాయి, అనంతపురం అని కొడితే రెండో మూడో, అందులో ఒకటి కళ్ల ఆసుపత్రి! మా చెల్లెలి విషయంలో లిస్టులో పేరున్న ఆసుపత్రే ‘ఆ కంపెనీతో మేం ఆపేశాం’ అంది, తొమ్మిదో నెలలో. కాబట్టి లిస్టు చూసి ఊరుకోకండి. ఏడో నెలలోనే స్వయంగా వెళ్లి ఇన్సూరెన్స్ డెస్క్‌లో కార్డు చూపించి, ఈ టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) మీకు నడుస్తోందా, కాన్పుకు క్యాష్‌లెస్ (బిల్లు ఆసుపత్రికి నేరుగా వాళ్లే కట్టడం) ఇస్తారా అని అడగండి. ఆసుపత్రి లిస్టులో లేకపోయినా ఇంకో దారి ఉంది. 2024 జనవరి నుంచి ‘క్యాష్‌లెస్ ఎవ్రీవేర్’ అని పెట్టారు, కనీసం 15 పడకలుండి రిజిస్ట్రేషన్ ఉన్న ఆసుపత్రిలో, చేరడానికి 48 గంటల ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి చెబితే క్యాష్‌లెస్ అడగొచ్చు. ఆసుపత్రి ఒప్పుకోవాలి, ఆ ఖర్చు పాలసీలో కవర్ అయ్యేదై ఉండాలి, అదే మెలిక. సిజేరియన్ తేదీ ముందే ఖాయమైన వాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. నొప్పులొచ్చి ఉన్నట్టుండి చేరాల్సి వస్తే చేరిన వెంటనే, అదే రోజు, టీపీఏ నంబరుకు ఎవరైనా ఒకరు ఫోన్ చేసి రిఫరెన్స్ నంబరు రాసుకోవాలి. ఆ పని ఎవరిదో ముందే ఇంట్లో అనుకోండి. క్యాష్‌లెస్ అడిగాక గంటలో జవాబు, డిశ్చార్జి రోజు మూడు గంటల్లో తుది అనుమతి ఇవ్వాలని ఇన్సూరెన్స్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ రూలు.

మధ్యలో జ్వరమొచ్చి ఆసుపత్రిలో చేరితే? డెంగీ, టైఫాయిడ్, కామెర్లు, ఇవి గర్భం వల్ల వచ్చినవి కావు. మెటర్నిటీ లేని పాలసీలో కూడా మామూలు జబ్బు కిందే క్లెయిమ్ చేయొచ్చు. డిశ్చార్జి సమ్మరీలో మొదటి వరుసలో జబ్బు పేరు ఉండేలా, గర్భం సంగతి తర్వాత వచ్చేలా రాయమని డాక్టరును అడగండి. అబద్ధం రాయమనడం కాదు, ఉన్నదాన్ని స్పష్టంగా రాయమనడమే. గర్భంతో వచ్చే బీపీ, షుగర్ మాత్రం ఎక్కువగా మెటర్నిటీ పరిమితిలోకే లాగుతారు, దానికి సిద్ధంగా ఉండండి.

కాగితాల దగ్గర మనవాళ్లకు ఎక్కువగా తగిలే దెబ్బ పేరు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాలసీలో భర్త ఇంటిపేరు, ఆసుపత్రిలో ఇంట్లో పిలిచే పేరు. మూడూ మూడు రకాలుంటే క్లెయిమ్ ఆగుతుంది. మొదటి ఓపీ చీటీ రోజునే పాలసీలో ఉన్న పేరే చెప్పండి, ఆ పేరు ఆధార్‌తో కలవకపోతే హెచ్‌ఆర్‌తో ఇప్పుడే సరిచేయించండి. తెల్లకాగితం మీద రాసిచ్చే రసీదులు తీసుకోవద్దు, నంబరు, ముద్ర ఉన్న బిల్లు కావాలని అడగండి. అడిగితే ఇస్తారు, మొహమాటపడొద్దు. డబ్బు మనమే కట్టి తర్వాత తెచ్చుకునేటట్లయితే క్లెయిమ్ ఫారంలో రెండో భాగం ఆసుపత్రి వాళ్లే నింపాలి, డిశ్చార్జి రోజే నింపించుకోండి. ఆ పనికి బాలింతను వదిలి మళ్లీ తిరగడం చాలా కష్టం.

క్లెయిమ్ కొట్టేస్తే కారణం రాతలో అడగండి, పాలసీలో ఏ నిబంధన కింద కొట్టేశారో చెప్పమనండి. ముందు ఆ ఇన్సూరెన్స్ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, అక్కడ తేలకపోతే ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ ‘బీమా భరోసా’లో, లేదా 155255కు ఫోన్. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఇలాంటి తగాదాలు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు, ఆంధ్రప్రదేశ్ కూడా ఆయన పరిధిలోదే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, కంపెనీ పాలసీ వాళ్లూ వెళ్లొచ్చు. హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టించమన్నది ఇందుకే.

బిడ్డ పుట్టాక ఆ హడావిడిలో అందరూ మరిచిపోయేది బిడ్డను పాలసీలో చేర్చడం. పసికందును ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) పెట్టాల్సి వస్తే బిల్లు తల్లి కాన్పు బిల్లును మించిపోతుంది, పేరు పెట్టేదాకా ఆగుదామంటే గడువు దాటిపోవచ్చు. పేరు లేకపోయినా ‘బేబీ ఆఫ్’ అని తల్లి పేరుతో చేర్చుకునే వీలు చాలా కంపెనీల్లో ఉంది, ఆసుపత్రి ఇచ్చిన పుట్టిన కాగితం ఫోటో తీసి ఆ రోజే హెచ్‌ఆర్‌కు పంపేయమని అల్లుడికి ముందే చెప్పి ఉంచండి.