పీయూ సర్జరీ అయిన పిల్లికి యూరిన్ సమస్యలు: పక్క తడిసింది కదా అని నిశ్చింతగా ఉండకండి

మగపిల్లికి యూరిన్ బ్లాక్ అయ్యి, కెథీటర్ (యూరిన్ పైపు) వేయించి, మళ్ళీ బ్లాక్ అయ్యి, ఇంక లాభం లేదని పీయూ సర్జరీ, అంటే యూరిన్ దారి చివర సన్నటి భాగం తీసేసి వెడల్పుగా కొత్త దారి పెట్టే ఆపరేషన్, చేయించి ఇంటికి తెచ్చుకున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. టాబ్లెట్ మింగించడం, నాక్కోకుండా మెడకి కోన్ కట్టడం, పిల్లిని టవల్‌లో చుట్టి పట్టుకోవడం మీకు వచ్చనే అనుకుంటున్నా. మా ఇంట్లో, తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో ఇలాంటి పిల్లుల్ని చాలావాటిని చూసుకున్నా, ప్రతిసారీ ఒకటే జరుగుతోంది, రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "అక్కా వీడు డల్‌గా ఉన్నాడు" అంటారు, ఇవాళ ఎంత పోశాడు అని అడిగితే "పోస్తున్నాడక్కా" అంటారు. ఎంత అని అడిగితే మాత్రం చెప్పరు, ఎందుకంటే చూడలేదు.

ముందు ఎంత పోశాడో చెక్ చెయ్యండి, మిగతావన్నీ తర్వాత. కుట్లు ఉన్నన్ని రోజులు మామూలు ఇసుక లిట్టర్ ఎలాగూ వాడకూడదు, గాయానికి అంటుకుంటుంది, పాత న్యూస్‌పేపర్ చింపి వేస్తారు కదా, ఆ ట్రేని వంటింట్లో కాటా మీద పెట్టి బరువు రాసుకోండి. పిల్లి వెళ్ళొచ్చాక మళ్ళీ పెట్టండి. పెరిగిన ఒక్కో గ్రాము దాదాపు ఒక మిల్లీలీటర్ యూరిన్. 4 కిలోల పిల్లి 24 గంటల్లో అటూ ఇటుగా 80 నుంచి 150 మిల్లీలీటర్లు పోస్తుంది, అంటే చిన్న టీ గ్లాసుడు లేదా ఇంకాస్త ఎక్కువ. మామూలుగా అయితే రోజుకి రెండు నుంచి నాలుగు సార్లు, ఆపరేషన్ అయిన మొదటి వారం కాస్త ఎక్కువసార్లు, కొంచెం కొంచెంగా పోస్తే కంగారు పడక్కర్లేదు. మొత్తం కలిపితే ఎంత వచ్చిందన్నదే లెక్క.

ట్రేలో కూర్చుంటున్నాడు, ముక్కుతున్నాడు, ఏమీ రావట్లేదు

దీనికి ఇంట్లో చేసేదేం లేదు. సర్జరీ అయిన పిల్లి అయినా, కెథీటర్ మాత్రమే వేసి పంపిన పిల్లి అయినా వెంటనే తీసుకెళ్ళాలి, తెల్లారేదాకా ఆగొద్దు. చాలామంది దీన్ని మలబద్ధకం అనుకుని ఆముదమో పాలో పడతారు, దయచేసి ఆ పని చెయ్యకండి. బ్లాక్ అయిన పిల్లికి ఒంట్లో పొటాషియం పెరిగి గుండె మీద పడుతుంది, రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. అందుకే కొబ్బరినీళ్ళు కూడా వద్దు, అందులో ఉండేది పొటాషియమే. కెథీటర్ తీసేశాక మళ్ళీ బ్లాక్ అవడం ఎక్కువగా మొదటి వారంలోనే జరుగుతుంది, ఆ వారం ఊరికి వెళ్ళే ప్రోగ్రాం పెట్టుకోవద్దు.

యూరిన్ ఎర్రగా వస్తోంది

మొదటి మూడు నాలుగు రోజులు లేత గులాబీ రంగులో వస్తే పర్లేదు. రక్తం గడ్డలు పడుతున్నా, కుట్ల దగ్గర్నుంచి ఆగకుండా కారుతున్నా డాక్టర్‌కి చూపించాలి. అక్కడ ఎండిన చెక్కు కనబడితే గోకి తియ్యొద్దు, పసుపు రాయొద్దు, డెటాల్ నీళ్ళతో అస్సలు తుడవొద్దు, డెటాల్ పిల్లులకి విషం. నొప్పిగా ఉందేమో అని మనం వేసుకునే జ్వరం బిళ్ళ ముక్క చేసి ఇచ్చేవాళ్ళున్నారు, పారాసిటమాల్ ఒక్క బిళ్ళ చాలు పిల్లి చచ్చిపోవడానికి, అర ముక్క కూడా వద్దు.

ఎక్కడ పడుకుంటే అక్కడ తడి

ఇదే నన్ను దెబ్బ కొట్టింది, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నా.

మా బూచోడు, నల్లటి గండుపిల్లి, 5 కిలోలు. బ్లాక్ అయిన సంగతి మేం కనిపెట్టేసరికే దాదాపు రెండు రోజులు గడిచిపోయాయి. సర్జరీ బాగా జరిగింది, మూడో రోజు ఇంటికొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి వాడు పడుకున్న దుప్పటి తడి, లేచి నడిస్తే నేల మీద చుక్కలు, ఎత్తుకుంటే నా చీర తడి. అన్నాళ్ళు చుక్క రాక ఏడ్చినదాన్ని కదా, తడి చూసి నాకు ఎంత సంతోషమో, యూరిన్ ఫ్రీగా వస్తోంది, కొత్త దారి కాబట్టి ఇంకా కంట్రోల్ రాలేదు, నాలుగు రోజులైతే అదే సర్దుకుంటుంది అనుకుని రోజుకి ఆరు దుప్పట్లు మార్చా. ట్రేలో పేపర్ మాత్రం వేసింది వేసినట్టే పొడిగా ఉంది, అది కళ్ళముందే ఉన్నా నాకు తట్టలేదు. ఇంటికొచ్చిన నాలుగో రోజు రాత్రి తినడం మానేసి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. స్కాన్‌లో చూస్తే బ్లాడర్ (మూత్రాశయం) బత్తాయికాయంత ఉంది, గట్టిగా. నేను నాలుగు రోజులు తుడిచింది నిండిన బిందె పైనుంచి పొర్లిన నీళ్ళు.

జరిగేది ఏంటంటే, బ్లాక్ అయినప్పుడు బ్లాడర్ బెలూన్‌లా సాగిపోతుంది, ఎక్కువసేపు అలా సాగితే దాని కండరం చచ్చుబడి పిండే బలం పోతుంది. ఇప్పుడు దారి తెరిచారు, కానీ లోపల్నుంచి తోసేవాడు లేడు. నిండుతూ పోతుంది, ఇంక పట్టనప్పుడు బొట్లు బొట్లుగా కారుతుంది. బయట నుంచి చూస్తే కంట్రోల్ లేక కారినట్టే ఉంటుంది, నిజానికి అది సగం బ్లాక్ అయినంత ప్రమాదం. కొత్త దారి వాచినా, తర్వాత మూసుకుపోతూ వచ్చినా కూడా ఇలాగే కారుతుంది.

కనిపెట్టడం కష్టం కాదు. పక్క తడి, ట్రే పొడి అయితే అనుమానించండి. నిద్రలో ఉండగానే కింద తడి చేరుతోందా, ఎత్తుకున్నప్పుడు, దూకినప్పుడు చిమ్ముతోందా, వెనక కాళ్ళ లోపలి వైపు ఎప్పుడూ తడిగా ఉండి ఎర్రబడిందా చూడండి. పొత్తికడుపు మీద అరచేయి మెల్లగా ఆనించండి, వేళ్ళతో నొక్కకండి, ఖాళీ బ్లాడర్ చేతికి దాదాపు తగలదు, నిండింది గట్టి కాయలా తగులుతుంది. మీరే పిండేద్దామని మాత్రం అనుకోవద్దు, సాగిన బ్లాడర్ పగిలిపోయే అవకాశం ఉంది.

అక్కడ డాక్టర్ ముందు తేల్చాల్సింది దారి మూసుకుందా, కండరం పని చెయ్యట్లేదా అని. కెథీటర్ సులువుగా దిగితే, మెల్లగా నొక్కినప్పుడు ధార లావుగా వస్తే కండరం సమస్య. కెథీటర్ దిగకపోతే, నొక్కినా సన్నగా వస్తే దారి సమస్య. బెథనికాల్ అని బ్లాడర్‌ని పిండించే మందు ఒకటి ఉంది, దారి తెరిచే ఉందని ఖాయం చేసుకున్నాకే అది ఇవ్వాలి, మూసుకున్న దారి మీద పిండిస్తే ప్రాణం మీదకొస్తుంది, కాబట్టి ఎవరో ఫోన్‌లో చెప్పారని తెచ్చి వెయ్యకండి. కండరానికి అసలు మందు విశ్రాంతి, అంటే కొన్ని రోజులు బ్లాడర్‌ని నిండనివ్వకుండా ఖాళీగా ఉంచడం. బూచోడికి నాలుగు రోజులు కెథీటర్ ఉంచారు, తర్వాత రోజూ పొద్దున, సాయంత్రం తీసుకెళ్తే డాక్టర్ గారే చేత్తో ఖాళీ చేసేవారు. రెండో వారంలో ఒక పొద్దున ట్రే ఎత్తితే ఒక మూల పేపర్ ముక్కలన్నీ కలిసి ముద్ద అయిపోయి ఉన్నాయి, కాటా మీద పెడితే 38 గ్రాములు పెరిగింది, ఆ అంకె నేను ఫోటో తీసి ఇంట్లో అందరికీ పంపించా. అందరికీ అంత తొందరగా రాదు, కొన్నింటికి వారాలు పడుతుంది, కొన్నింటికి పూర్తిగా తిరిగి రాకపోవచ్చు కూడా. ఎంత తొందరగా పట్టుకుంటే అంత మంచిది.

కాళ్ళ దగ్గర ఒరిసిన చర్మానికి గోరువెచ్చని నీళ్ళలో తడిపిన గుడ్డ అద్ది, పొడిగా ఆరబెట్టండి చాలు, కుట్ల జోలికి పోవద్దు.

రెండు మూడు వారాలు బాగానే ఉన్నాడు, ఇప్పుడు ధార సన్నబడింది

నేను మొదట అడిగే ప్రశ్న, కోన్ తీశారా? "తినేటప్పుడు మాత్రమే, పది నిమిషాలే" అంటారు. పిల్లి నాలుక ఆకురాయిలా గరుకుగా ఉంటుంది, పది నిమిషాలు చాలు కుట్లు చెదరడానికి, నాకిన చోట పుండుపడి మానేటప్పుడు ముడుచుకుని దారి సన్నబడుతుంది, అప్పుడు మళ్ళీ ఆపరేషనే. కుట్లు తీసేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, కోన్ తియ్యొద్దు. కోన్ అంచు ముక్కు దాటి రెండు అంగుళాలు ముందుకు ఉండాలి, పొట్టి కోన్ వేస్తే మెడ తిప్పి హాయిగా నాకేస్తాయి. తినలేకపోతోంది అంటే సమస్య గిన్నెది, కోన్‌ది కాదు. ఒక స్టీలు గిన్నె బోర్లించి దాని మీద చిన్న ప్లేటు పెట్టండి, కోన్ అంచు ప్లేటు చుట్టూ కిందకి దిగుతుంది, మూతి ఫుడ్‌కి అందుతుంది. ధార ఇప్పటికే సన్నబడి ఉంటే కోన్ మళ్ళీ వేసి అదే రోజు చూపించండి.

నెలలు గడిచాక మళ్ళీ మాటిమాటికీ ట్రే చుట్టూ తిరగడం

సర్జరీలో సన్నగా ఉండే చివరి భాగం తీసేసి వెడల్పున్న చోట దారి పెడతారు, అంతే. యూరిన్‌లో క్రిస్టల్స్ (సన్నటి పలుకులు) పుట్టడం, టెన్షన్‌తో బ్లాడర్ వాచడం ఆగవు. పైగా దారి పొట్టిదీ వెడల్పుదీ అయింది కాబట్టి ఇన్ఫెక్షన్ లోపలికి ఎక్కడం సులువైంది. కాబట్టి యూరిన్ కల్చర్ (ల్యాబ్‌లో ఏ క్రిమి ఉందో చూసే టెస్ట్) చేయించి, ఏ యాంటీబయాటిక్ పని చేస్తుందో చూసి వాడాలి, పోయినసారి మిగిలిన సిరప్ పోస్తే కుదరదు. మూత్రం మంటకి మనం తాగే సిరప్ ఇంకా ప్రమాదం, అది యూరిన్‌ని క్షారం వైపు తిప్పుతుంది, స్ట్రువైట్ క్రిస్టల్స్ పెరిగేది క్షారంలోనే. స్ట్రువైట్ అయితే యూరినరీ డైట్‌తో కరుగుతుంది, కాల్షియం ఆక్సలేట్ అయితే ఏ డైట్‌కీ కరగదు, అది ఏదో తెలుసుకోకుండా ఫుడ్ మార్చకండి. ఏదైనా నీళ్ళు ఎక్కువ పోవాలి, డ్రై ఫుడ్ తగ్గించి వెట్ ఫుడ్ పెట్టండి, చికెన్ ఉడికించిన నీళ్ళు ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా కలపండి. ఉప్పు ఎండుచేపలు మానెయ్యండి. దీపావళి టపాసులప్పుడు, ఇల్లు మారినప్పుడు, ఇంకో పిల్లిని తెచ్చినప్పుడు రెండు వారాలు ట్రే మీద కన్నేసి ఉంచండి.

మిగతావి అరుదు. తొడల లోపల, పొట్ట కింద చర్మం ఊదారంగుకి తిరిగి ఉబ్బితే యూరిన్ లోపల చర్మం కిందకి కారుతోందని అర్థం, వెంటనే పరుగెత్తండి. బ్లాక్ తీసిన మొదటి రోజు రెండు రోజులు విపరీతంగా పోయడం మామూలే, అప్పుడు సెలైన్ ఎక్కిస్తారు కాబట్టి హాస్పిటల్లోనే ఉంచమంటే ఉంచండి. నరాల సమస్య, గడ్డలు లాంటివి స్కాన్‌లో డాక్టరే చూస్తారు, వాటి గురించి మీరు ముందే ఆలోచించి నిద్ర చెడగొట్టుకోవద్దు.

క్లినిక్‌కి వెళ్ళేటప్పుడు ట్రే బరువులు రాసిన కాగితం పట్టుకెళ్ళండి, ఏ టైముకి ఎన్ని గ్రాములు, పక్క ఎన్నిసార్లు తడిసింది, చివరిసారి ఎప్పుడు తిన్నాడు అని. 12 గంటల్లో ట్రే బరువు పెరగలేదంటే కాగితం పూర్తి చేస్తూ కూర్చోకుండా బుట్టలో పెట్టుకుని బయల్దేరండి, దారిలో ఫోన్ చేసి చెప్పొచ్చు.