చెట్టును చూస్తూ రంగుల్లో వేయడం ఎలా?

సరంజామా ఎక్కువ అక్కర్లేదు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) మందపాటి వాటర్ కలర్ కాగితం, 2బీ పెన్సిల్, 10వ నంబరు గుండ్రటి కుంచె, రెండు డబ్బాల నీళ్లు, పాత గుడ్డ. పల్చటి కాగితం వద్దు. తడి తగలగానే ఉబ్బి, రంగంతా గుంటల్లోకి చేరుతుంది. రంగులు నాలుగు: అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), యెల్లో ఓకర్ (మట్టి పసుపు), లెమన్ యెల్లో. నలుపు కొననే వద్దు.

మొదటి వారం ఇంట్లోనే. కిటికీ పక్కన ఒక కూజా పెట్టి, లైటు ఆర్పేసి వేయండి. రెండువైపులా వెలుగు పడితే రెండు నీడలొచ్చి గుండ్రదనం పోతుంది. ఇది చేతికి వచ్చాకే బయటికి.

బయట పొద్దున్నో సాయంత్రమో కూర్చోండి. మీరూ మీ కాగితమూ నీడలోనే ఉండాలి. కాగితం మీద ఎండ పడితే వేసిన రంగు లేతగా అనిపిస్తుంది, ఇంకా ఇంకా పూస్తారు, ఇంటికొచ్చి చూస్తే బొమ్మంతా నల్లగా ఉంటుంది. మాను, పెద్ద కొమ్మలు, ఆకుల గుబురు అంచు పెన్సిల్‌తో ఐదు నిమిషాల్లో గీసేయాలి. ఆకులు ఒక్కొక్కటీ గీయకండి.

బొమ్మలు పాడయ్యేది నీడల దగ్గరే. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు. మాను నీడ మొదట్లో చూసి, నేల నీడ గంటన్నర తర్వాత చూసి వేస్తే ఒకే చెట్టుకు రెండు పొద్దులు కనిపిస్తాయి. అందుకే కూర్చున్న మొదటి పది నిమిషాల్లోనే కళ్లు సగం మూసి చూడండి. ఆకులు మాయమై, వెలుగు ముద్దలూ నీడ ముద్దలూ మిగులుతాయి. నేల మీద నీడతో సహా వాటి సరిహద్దులు గీసుకోండి. ఆ తర్వాత ఎండ ఎటు జరిగినా ఆ గీతలు మార్చవద్దు.

దీనికి ఫోన్‌లో ఫొటో తీసుకుంటే సరిపోదా అంటారు. సరిపోదు. ఫొటోలో నీడ తరచూ నల్లటి ముద్దైపోతుంది. కంటితో చూస్తే అందులో ఆకాశపు నీలం ఉంటుంది, నేల నుంచి తిరిగొచ్చిన వెచ్చటి వెలుగూ ఉంటుంది.

ముందు గుబురంతా లేత పసుపుపచ్చ పూత వేయండి. వేలి వెనకవైపు తాకించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. పూర్తిగా ఆరాకే నీడ రంగు: అల్ట్రామెరైన్ రెండు వంతులు, బర్న్ట్ సియెన్నా ఒక వంతు. కావలసినదానికంటే ఒక పిసరు ముదురుగా కలపండి, ఆరాక లేతబడుతుంది. నిండు కుంచెతో ఒకే ఊపులో వేసి చెయ్యి తీసేయాలి. సగం ఆరిన పూత మీద తడి కుంచె పెడితే నీళ్లు రంగును బయటికి నెట్టి, వంకర అంచుతో మరక కడతాయి. దిద్దేకొద్దీ అది పెద్దదవుతుంది. పూర్తిగా ఆరనిచ్చి, తడి కుంచెతో ఆ అంచును మెల్లగా రుద్ది గుడ్డతో అద్దండి.

గుబురులో రెండు మూడు చోట్ల ఆకాశం కనిపించే సందులు వదలండి. అవి పూడిపోతే చెట్టు బండరాయిలా ఉంటుంది. రెండు గంటల్లో పూర్తికాకపోతే కాగితం మూసి, మర్నాడు అదే వేళకు అదే చోట కూర్చోండి.