లినక్స్ డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ సేవలు: ఏది ఉంచాలి, ఏది ఆపాలి

ముందుగా టెర్మినల్‌లో ‘ఎస్‌ఎస్’ (ss -tulpn) ఆదేశంతో ఏయే సేవలు ఏయే పోర్టులలో (నెట్‌వర్క్ రాకపోకలకు వాడే సంఖ్యా ద్వారాలలో) వేచి ఉన్నాయో చూడాలి. 127.0.0.1 చిరునామాకు పరిమితమైనవి ఇతర కంప్యూటర్లకు అందవు కనుక, స్థానిక చిరునామాగా 0.0.0.0, [::] లేదా * (అంటే ఏ నెట్‌వర్క్ నుంచైనా అందేవి) అని కనిపించేవాటిని నిశితంగా పరిశీలించాలి.

ప్రింటర్లను తానే వెతికిపెట్టే ‘కప్స్-బ్రౌజ్డ్’ సేవ 631వ యూడీపీ పోర్టుకు ఎవరు పంపిన ప్యాకెట్‌నైనా నమ్మేదనీ, ఇతర లోపాలతో కలిస్తే దాని ద్వారా దాడిచేసేవారు కంప్యూటర్‌లో తమ ఆదేశాలను నడిపించగలరనీ 2024 సెప్టెంబరులో వెల్లడైంది. నెట్‌వర్క్ ప్రింటరు వాడనివారు దానిని నిస్సంకోచంగా ఆపివేయవచ్చు.

5353వ పోర్టులోని ‘అవాహీ’ విషయంలో మాత్రం నేను అంత కఠినంగా ఉండమని చెప్పను. ఇంట్లోని పరికరాలు ఒకదానినొకటి పేరుతో గుర్తించడానికి అది నిజంగా ఉపయోగపడుతుంది. ఫైర్‌వాల్‌డీ (firewalld, నెట్‌వర్క్ రాకపోకలను నియంత్రించే సేవ) ఉన్నవారు ఇంటి వైఫైని అవాహీని అనుమతించే ‘హోమ్’ జోన్‌లోనూ, బహిరంగ వైఫైని బయటి నుంచి వచ్చేవాటిని అడ్డుకునే ‘డ్రాప్’ జోన్‌లోనూ ఉంచితే సరిపోతుంది. అవాహీని పూర్తిగా ఆపదలచితే సర్వీసుతోపాటు సాకెట్ యూనిట్‌ను (అభ్యర్థన రాగానే సర్వీసును మొదలుపెట్టే భాగాన్ని) కూడా ఆపాలి, లేకుంటే అది మళ్లీ మేల్కొంటుంది.