క్యాట్ ఫీజు కట్టే ముందు: ఎంబీఏనా, సొంత కంపెనీనా?

ఆగస్టు వస్తే ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్‌కి దరఖాస్తులు మొదలవుతాయి. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు డిగ్రీ అయిన మన పిల్లలకి ఇదే టెన్షన్. ముందు ఇవి చూసుకోండి.

– అప్పు చేసి ఎంబీఏ చదివి, బయటికి రాగానే కంపెనీ పెడదామనుకోవద్దు. ఎడ్యుకేషన్ లోన్‌కి చదువుకునే రోజుల్లోనూ వడ్డీ పడుతుంది. చదువయ్యాక మామూలుగా ఏడాదిలోపు వాయిదాలు మొదలవుతాయి. కొత్త కంపెనీ అప్పటికి మీకు జీతం ఇచ్చే స్థితిలో ఉండదు. ఇల్లు తాకట్టులో ఉంటే ఆ భారం నాన్నగారిదే.

– పీఎంఈజీపీ (చిన్న యూనిట్లకి బ్యాంకు లోన్ మీద కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం) సబ్సిడీ మీద ఆశ ఉంటే యూనిట్ ముందే తెరవకండి. మొదటిసారి ఇచ్చే సబ్సిడీ కొత్త యూనిట్లకే.

– సరుకు ఎక్కడ అమ్ముతారు? పర్లాకిమిడి నుంచి ఆంధ్రాలోని పాతపట్నం ఆటోలో వెళ్ళిపోవచ్చు, కానీ జీఎస్టీ లెక్కలో అది వేరే రాష్ట్రం. మామూలు సరుకు సరిహద్దు దాటించి అమ్మితే టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ ఉండాలి, కాంపోజిషన్ స్కీమ్ (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ రేటుతో పన్ను కట్టే పద్ధతి) పనికిరాదు. చాలామంది నోటీసు వచ్చాకే ఈ సంగతి తెలుసుకుంటారు.

– స్టార్టప్ ఇండియా గుర్తింపు (కొత్త కంపెనీలకి కేంద్రం ఇచ్చేది) సొంత పేరున నడిపే దుకాణానికి రాదు. ప్రైవేట్ లిమిటెడ్ అయినా, ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) అయినా, రిజిస్టరైన భాగస్వామ్యం లాంటిదైనా ఉండాలి.

– కాలేజీ చెప్పే సగటు జీతం చూసి మురిసిపోకండి, మధ్యస్థ జీతం (అందరినీ జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవారిది) అడగండి. ఇద్దరు ముగ్గురి పెద్ద ప్యాకేజీలతోనే సగటు పెరిగిపోతుంది.

– జీడిపప్పో, పసుపో, యాప్‌లో సర్వీసో, ముందు తెలియనివాళ్ళకి డబ్బుకి అమ్మి చూడండి. రెండోసారి అడిగినవాళ్ళనే లెక్కేయండి. చుట్టాల ఆర్డర్లు వద్దు.