స్లీప్ నుంచి లేచాక కంప్యూటర్‌కి నెట్ రాకపోతే

ల్యాప్‌టాప్ మూత తెరిస్తే స్క్రీన్ వెలుగుతుంది, పాస్‌వర్డ్ తీసుకుంటుంది, నెట్ మాత్రం రాదు. రీస్టార్ట్ చేస్తే వస్తుంది. మళ్ళీ స్లీప్‌లోకి వెళ్తే మళ్ళీ అదే తంతు. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఆన్‌లైన్ ఫారాలు నింపే షాపుల్లో ఇలా జరిగితే వరసలో నిలబడ్డవాళ్ళందరి పనీ ఆగిపోతుంది. ఇక చేసేది లేక చాలామంది ఫార్మాట్ చేయించేస్తారు. దయచేసి ఆ పని చేయించకండి. ఫార్మాట్ అయ్యాక విండోస్ అదే డ్రైవర్‌ని (నెట్ కార్డుని నడిపే ప్రోగ్రామ్‌ని), అదే కరెంటు పొదుపు సెట్టింగ్‌ని మళ్ళీ తెచ్చిపెడుతుంది. జబ్బు అక్కడే ఉంటుంది, మీ ఫైళ్ళు మాత్రం పోతాయి.

ముందు తప్పు ఎక్కడుందో పట్టుకోవాలి. దానికి చిన్న పరీక్ష ఉంది. నెట్ బాగా వస్తున్నప్పుడు స్టార్ట్ మెనూ నుంచి స్లీప్ నొక్కి, 2 నిమిషాలు ఆగి లేపండి. అంతలోనే నెట్ పోయిందంటే తప్పు కంప్యూటర్ లోపలే, అంటే నెట్ కార్డులోనో దాని డ్రైవర్‌లోనో ఉంది. 2 నిమిషాలకి ఏమీ కాక, రాత్రంతా వదిలేస్తేనే పోతోందంటే రౌటర్‌నీ, ఫోన్ హాట్‌స్పాట్‌నీ, కరెంటు కోతనీ ముందుగా అనుమానించాలి.

నెట్ పోయినప్పుడు వెంటనే రీస్టార్ట్ కొట్టకండి, ఆధారాలన్నీ చెరిగిపోతాయి. స్టార్ట్‌లో సీఎండీ (cmd) అని కొట్టి, తెరుచుకున్న నల్ల కిటికీలో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ 169.254తో మొదలైతే కార్డు లేచింది కానీ రౌటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదు. అప్పుడు ఐపీకాన్ఫిగ్ పక్కన ఖాళీ వదిలి స్లాష్ రిలీజ్ (/release), అది అయ్యాక అలాగే స్లాష్ రెన్యూ (/renew) కొట్టి చూడండి. అడ్రస్ సరిగ్గానే ఉంటే డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఉన్న అంకెని, చాలా ఇళ్ళలో అది 192.168.1.1, పింగ్ చేయండి, అంటే అదే కిటికీలో ping అని కొట్టి, ఖాళీ వదిలి ఆ అంకె కొట్టండి. దానికి జవాబు వచ్చి, బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి అలాగే పింగ్ చేస్తే రాకపోతే మీ కంప్యూటర్ తప్పేమీ లేదు, రౌటర్ దాటాకే నెట్ ఆగింది. రెండింటికీ జవాబు వచ్చినా సైట్లు తెరుచుకోకపోతే దాచుకున్న పాత సైట్ అడ్రస్‌లని చెరిపే ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్ (/flushdns) కొట్టి చూడండి. మీరు వాడే కార్డు పేరు కింద మీడియా డిస్‌కనెక్టెడ్ అని కనపడితే దానికి వైఫై కానీ తీగ కానీ అందలేదన్నమాట.

కరెంటు సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే వానాకాలంలో మన వైపు ఎక్కువగా మోసం చేసేది అదే. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద హాయిగా నిద్రపోతుంటుంది. ఈలోగా కరెంటు పోయి వస్తుంది, రౌటర్ మొదటి నుంచి మొదలవుతుంది. ఫైబర్ లైన్ అందుకుని సిద్ధమవడానికి దానికి 2, 3 నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో మూత తెరిస్తే కంప్యూటర్‌దే తప్పనిపిస్తుంది. కాబట్టి ముందు ఫైబర్ పెట్టె మీద దీపాలు చూడండి. ఎల్ఓఎస్ (LOS) దగ్గర ఎర్రదీపం ఉంటే ఫైబర్ తీగ నుంచి వెలుగు అందట్లేదు, కంప్యూటర్‌లో ఎంత వెతికినా లాభం లేదు, లైన్‌మేన్‌ని పిలవాలి. షాపులో డెస్క్‌టాప్‌కి యూపీఎస్ పెట్టి రౌటర్‌ని మామూలు ప్లగ్గులో వదిలేస్తుంటారు. రౌటర్‌కీ, మధ్యలో స్విచ్ పెట్టె ఉంటే దానికీ కూడా బ్యాకప్ ఇవ్వండి. రౌటర్ కోసం విడిగా చిన్న యూపీఎస్ కొనేముందు అడాప్టర్ మీద రాసిన వోల్టులు చూడండి. చాలావాటికి 12 వోల్టులు, కొన్నిటికి 9 లేదా 5. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండాలి.

ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్ళకి కారణం వేరు. కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్ళగానే ఫోన్‌కి అతుక్కున్నవాళ్ళు ఎవరూ ఉండరు. బ్యాటరీ మిగిల్చుకోవడానికి ఆండ్రాయిడ్ ఫోన్ కొన్ని నిమిషాల్లో హాట్‌స్పాట్‌ని తనే ఆపేస్తుంది. హాట్‌స్పాట్ సెట్టింగుల్లో, ఎవరూ లేనప్పుడు దానంతటదే ఆగే ఆప్షన్‌ని తీసేయండి. ఐఫోన్ అయితే కంప్యూటర్‌ని లేపేముందు పర్సనల్ హాట్‌స్పాట్ పేజీ తెరిచి ఉంచాలి. పర్లాకిమిడి లాంటి చోట ఇంకో చిక్కు ఉంది. అవతల పాతపట్నం ఆంధ్ర టెలికాం సర్కిల్, ఇవతల ఒడిశా సర్కిల్. ఫోన్ అవతలి టవర్ పట్టుకున్నప్పుడు, డేటా రోమింగ్ ఆపి ఉంటే హాట్‌స్పాట్ వెలుగుతూనే ఉండి నెట్ ఆగిపోవచ్చు. రోమింగ్ ఆన్ చేసి చూడండి.

ఇక కంప్యూటర్ లోపలి తప్పు. స్లీప్‌లో ర్యామ్‌కి కరెంటు అందుతూ ఉంటుంది, నెట్ కార్డు లాంటి భాగాలకి తగ్గుతుంది లేదా ఆగుతుంది. లేచాక కార్డుని మళ్ళీ పనిలోకి దింపాల్సింది డ్రైవర్. అది తడబడితే కార్డు పేరు కనపడుతుంది కానీ పని జరగదు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద మీ కార్డు మీద డబుల్ క్లిక్ చేసి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో అలౌ ద కంప్యూటర్ టు టర్న్ ఆఫ్ దిస్ డివైస్ టు సేవ్ పవర్ ముందున్న టిక్ తీసేయండి. ఈ ఒక్క టిక్‌తోనే చాలా కంప్యూటర్లు దారికొస్తాయి, అందుకే మొదట ఇదే చేయమంటాం. చేశాక మళ్ళీ 2 నిమిషాల పరీక్ష పెట్టండి. ఒకేసారి నాలుగు సెట్టింగులు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

కొత్త ల్యాప్‌టాపుల్లో ఆ ట్యాబ్ కనపడకపోవచ్చు. అవి మోడర్న్ స్టాండ్‌బై అనే వేరే రకం నిద్ర వాడతాయి, ఫోన్ స్క్రీన్ ఆపినట్టు. వాటిలో సెట్టింగుల కంటే డ్రైవర్ మార్చడమే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

తీగతో నెట్ వాడే డెస్క్‌టాప్‌లో అదే కార్డు అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కి వెళ్ళి ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్, గ్రీన్ ఈథర్నెట్ రెండింటినీ డిసేబుల్‌కి మార్చండి. రియల్‌టెక్ కార్డుల్లో ఇవి తరచుగా కనపడతాయి. యూఎస్‌బీ వైఫై డాంగిల్ అయితే, దాన్ని పీకి మళ్ళీ పెట్టగానే నెట్ వస్తోందా చూడండి. వస్తోందంటే కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో, ప్లాన్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. అక్కడే వైర్‌లెస్ అడాప్టర్ సెట్టింగ్స్ కనపడితే దాన్ని మాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్‌కి మార్చండి. బ్యాటరీ కాస్త త్వరగా తగ్గుతుంది, అంతే.

షట్‌డౌన్ చేసి ఆన్ చేసినా నెట్ రాక, రీస్టార్ట్ చేస్తేనే వస్తోందంటే అది ఫాస్ట్ స్టార్టప్ వల్ల. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అప్పుడు విండోస్ డ్రైవర్ల స్థితిని డిస్క్‌లో దాచి, ఆన్ చేసినప్పుడు అదే తిరిగి తెస్తుంది, చెడిపోయిన స్థితితో సహా. పవర్ ఆప్షన్స్‌లో చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డు తెరిచి దాన్ని ఆపండి.

డ్రైవర్‌ని ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ సైట్ నుంచే, అడుగున స్టిక్కర్ మీదున్న మోడల్ నంబర్ కొట్టి తీసుకోండి. డ్రైవర్ అప్‌డేటర్ పేరుతో దొరికే ఉచిత ప్రోగ్రాముల జోలికి వెళ్ళవద్దు. నెట్ లేనప్పుడు దించుకోవడానికి ఫోన్‌ని తీగతో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ వాడుకోవచ్చు. విండోస్ అప్‌డేట్ తర్వాతే ఈ ఇబ్బంది మొదలైతే డివైస్ మేనేజర్‌లో మీ కార్డు డ్రైవర్ ట్యాబ్‌లో రోల్ బ్యాక్ నొక్కండి, పాత డ్రైవర్ తిరిగి వస్తుంది. కంపెనీ సైట్‌లోనే బయాస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) అప్‌డేట్ కూడా ఉంటుంది, స్లీప్ తప్పులు కొన్ని దాంతోనే పోతాయి. అయితే గాలివాన ఉన్న రోజు దాన్ని ముట్టుకోకండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ సగానికి పైగా ఉండి ఛార్జర్ పెట్టి ఉండాలి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ తప్పనిసరి. మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డు పనికిరాకుండా పోయే ప్రమాదం ఉంది.

డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు పేరే మాయమైతే షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, బయటికి వచ్చే బ్యాటరీ అయితే అది కూడా తీసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. బోర్డులో మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది, కార్డు మొదటి నుంచి మొదలవుతుంది. ఇలా చేసినా మళ్ళీ మళ్ళీ మాయమవుతుంటే కార్డు వదులైనా అయి ఉండాలి, చెడిపోయైనా ఉండాలి. మెకానిక్ దగ్గర మూత విప్పించి, కార్డుని బిగించి, యాంటెన్నా తీగలు రెండూ సరిగ్గా కూర్చున్నాయో చూడమనండి. కార్డే పోయిందని తేలితే కొత్త కార్డు వేయించుకోవచ్చు, లేదా యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనుక్కోవచ్చు. డాంగిల్ 2.4తో పాటు 5 గిగాహెర్ట్జ్ కూడా పట్టేదైతే మంచిది.