మిద్దె మీది ఫ్లోట్ స్విచ్‌ను ఆర్డునోకు కలపడం ఎలా?

ఓవర్‌హెడ్ ట్యాంకు నిండి, పిట్టగోడ మీదుగా నీళ్లు వీధిలోకి కారడం తిరుపతిలో ఎండాకాలంలో చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. దాన్ని ఆపాలంటే ముందు ట్యాంకు నిండిందని తెలియాలి. అందుకు రెండు వైర్ల చిన్న ఫ్లోట్ స్విచ్ (నీటి మట్టంతో పాటు కదిలి తెరుచుకునే, మూసుకునే స్విచ్), ఆర్డునో ఊనో (మనం ప్రోగ్రామ్ రాసుకునే చిన్న బోర్డు) చాలు. స్విచ్‌ను పిన్‌కు కలిపే పద్ధతి మాత్రం సరిగ్గా ఉండాలి.

స్విచ్ తెరుచుకుని ఉన్నప్పుడు పిన్‌కు ఏ ఆధారమూ ఉండదు. పక్కన మోటారు తిరిగినా, వైరును చేత్తో ముట్టుకున్నా పిన్ చదివే 0, 1 విలువలు ఇష్టమొచ్చినట్టు మారిపోతాయి. అందుకే పుల్అప్ రెసిస్టర్, అంటే పిన్‌ను 5 వోల్టుల వైపు లాగి ఉంచే రెసిస్టర్.

ముందు యూఎస్‌బీ వైరు తీసేయండి. 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ (గోధుమ, నలుపు, నారింజ చారలు) ఒక కొసను 5 వోల్టుల పిన్‌కు, రెండో కొసను 2వ పిన్‌కు కలపండి. స్విచ్ వైర్లలో ఒకటి అదే 2వ పిన్‌కు, మరొకటి గ్రౌండ్‌కు. అంతే.

స్విచ్ తెరిచి ఉంటే రెసిస్టర్ పిన్‌ను 5 వోల్టుల దగ్గర పట్టి ఉంచుతుంది: 1. మూసుకుంటే పిన్ గ్రౌండ్‌కు చేరుతుంది: 0. అప్పుడు పారే కరెంటు 0.5 మిల్లీ ఆంపియర్ మాత్రమే. రెసిస్టర్ బదులు వట్టి వైరు పెడితే స్విచ్ మూసుకున్న క్షణమే షార్ట్ అవుతుంది. మూసుకుంటే 0 అన్న సంగతి ప్రోగ్రామ్ రాసేటప్పుడు గుర్తుంచుకోండి.

ఊనో చిప్ లోపల కూడా పుల్అప్ ఉంది, 20 నుంచి 50 కిలో ఓమ్‌లు. బల్ల మీది బటన్‌కు అది చాలు. మిద్దె నుంచి దిగే పొడవాటి వైరుకు బయటి రెసిస్టరే నమ్మకం; 4.7 కిలో ఓమ్‌లైతే ఇంకా గట్టిగా నిలుస్తుంది. పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కూడా పెట్టండి. నీళ్లు పడేటప్పుడు ఫ్లోట్ ఊగుతుంది కాబట్టి, రెండు మూడు సెకన్లు ఒకే విలువ నిలిచాకే ప్రోగ్రామ్ దాన్ని నమ్మాలి.

ఆర్డునో బదులు ఈఎస్‌పీ32 అనే బోర్డు వాడితే పుల్అప్‌ను 3.3 వోల్టులకే కలపండి. దాని 34 నుంచి 39 వరకు పిన్‌లకు లోపలి పుల్అప్ లేదు.

మోటారు 230 వోల్టుల వైరును ఏ పిన్ దగ్గరికీ రానివ్వకండి, ఫ్లోట్ వైరుతో కలిపి ఒకే పైపులో వేయకండి. మోటారును ఆన్, ఆఫ్ చేసే పని కాంటాక్టర్ (పెద్ద కరెంటుకు వాడే విద్యుత్ స్విచ్)ది, దాన్ని ఎలక్ట్రీషియన్‌తోనే బిగించుకోండి.

చివరగా యూఎస్‌బీ వైరు మళ్లీ పెట్టి, మల్టీమీటర్‌తో 2వ పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య చూడండి. ఫ్లోట్‌ను చేత్తో కదిపితే ఒకవైపు 5, మరోవైపు 0 రావాలి. మధ్యలో 2, 3 వోల్టులు కనిపిస్తే, పైన వైరు జాయింటులోకి తడి చేరిందేమో వెతకండి.